బస్తాకు కాళ్ళు లేవు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ సర్కారు దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన కొలువుకు దక్కే హక్కు అనీ తేల్చింది. ఆ హక్కు గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అలా హక్కుగా వచ్చిన సొమ్ము కొందరి ఇళ్ళలో ఎటు పోతున్నదో, ఆ సంగతి మాత్రం మనవి చేస్తాను.

మనలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. రిటైరైన ఏడాదే కొడుకో అల్లుడో వచ్చి, "నాన్నా, ఊళ్ళో పల్లి నూనె మిల్లు పెడదాం, లోను వస్తుంది, సబ్సిడీ వస్తుంది, షెడ్డు మట్టుకు మనం కట్టుకోవాలి" అంటాడు. మనం గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము తీసి షెడ్డు కడతాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మిల్లు కట్టి చూడు అన్న మాట కూడా చేర్చవలసింది. ఎందుకంటే ఇల్లు తప్పుగా కడితే మనం సర్దుకుంటాం, మిల్లు తప్పుగా కడితే అది సర్దుకోదు. ప్రతిరోజూ ఆ తప్పుకు కూలి అడుగుతుంది.

నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివినవాణ్ణి. 1959లో సంస్థానం వారి రాజభవనంలో మొదలైన ఆ కళాశాల మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిందో మీకు తెలుసు. తర్వాత ఉద్యోగరీత్యా చిన్న పరిశ్రమల పనే నా పని అయింది. ఎన్నో షెడ్లు చూశాను, ఎన్నో ప్లాన్లు గీశాను. కానీ నాకు ఈ విద్య నేర్పింది నేను తప్పుగా గీసిన ఒక ప్లాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. ఇప్పుడు దాచుకునే వయసు దాటింది.

1986లో మా మేనమామ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. చేతికి వచ్చిన సొమ్ముతో కొడుక్కి పల్లి మిల్లు పెట్టించాలని సంకల్పం. ఊరి పేరు చెప్పను. పల్లి మనవైపు బంగారు పంట. గద్వాల వైపు బుడ్డలంటారు, మనం పల్లికాయ అంటాం, పుస్తకాల్లో వేరుశనగ. యాసంగి కాయ మార్కెట్టుకు వచ్చే రోజుల్లో యార్డులో కాలు పెట్టే చోటు ఉండదు. సరుకుకు కొదవలేదు, గిరాకీకి కొదవలేదు. "అల్లుడా, ప్లాను నువ్వే గియ్యాలె" అన్నారు మామ. నాకెంత గర్వమో!

అర ఎకరం జాగా. నేను ఏం చేశానంటే, ముందు రోడ్డు వైపు ముచ్చటైన ఆఫీసు గీశాను. ఈశాన్యాన బావి ఉంది, దాన్ని అలాగే ఉంచాను. మిగిలిన చోట కొలతకు సరిగ్గా సరిపోయే పొడవాటి షెడ్డు గీశాను. షెడ్డు గీశాక, అందులో మిషన్లు ఎక్కడ పడతాయా అని వెదికాను. కాయ ఒలిచే మిషను ఒక మూల పట్టింది. ఎక్స్‌పెల్లరు ఇంకో మూల పట్టింది. గోదాముకు జాగా చాలక పల్లంలో వేరే కట్టించాను. పొట్టు ఎక్కడ పోయాలో గీయనే లేదు. పొట్టే గదా, ఎక్కడో ఒకచోట పోస్తారులే అనుకున్నాను. శంకుస్థాపన నాడు అందరూ ప్లాను చూసి మెచ్చుకున్నారు. కాగితం మీద అది నిజంగా అందంగానే ఉండేది.

మిల్లు మొదలైంది. లారీ వస్తే గోదాము దాకా పోలేదు, ఆఫీసు అడ్డం. బస్తాలు ముందు వాకిట్లో దించారు. అక్కణ్ణుంచి గోదాముకు మోశారు. గోదాము నుంచి ఆరబెట్టే కల్లానికి మోశారు. కల్లం నుంచి మళ్ళీ గోదాముకు, గోదాము నుంచి ఒలిచే మిషనుకు. లెక్క వేసుకోండి, కాయ ఒలిచే లోపే అయిదు సార్లు ఎత్తి దించారు. రోజుకు 150 బస్తాలు, బస్తా 40 కిలోలు అనుకుంటే సరుకు 6 టన్నులు. హమాలీలు మోసింది 30 టన్నులు. ఆ అయిదు ఎత్తులకూ కూలి ఇచ్చాం, ఆ అయిదు దింపులకూ కాయ చిట్లింది, రాలింది. నూనె ధరలో అది ఎక్కడా తిరిగి రాదు. కొనేవాడు నూనెకు డబ్బిస్తాడు గాని బస్తా తిరిగిన తిరుగుడుకు ఇవ్వడు గదా.

ఈ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. హమాలీలు ఎక్కువ అడుగుతున్నారని అనుకున్నాం. మా బావమరిది సరిగా చూసుకోవడం లేదని అనుకున్నాం. నాలుగేళ్ళు గడిచేసరికి మిల్లు మూతపడింది. ఆ మధ్యలో ఇంకో రెండు దెబ్బలు తగిలాయి, అవి తర్వాత చెబుతాను.

నా తప్పు నాకు తెలిసింది గద్వాలలో, ఒక నేతగాని ఇంట్లో. ఏదో సర్వే పని మీద వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఇల్లు చిన్నది. కానీ చూస్తూ ఉంటే ఆ ఇల్లంతా ఒక చీర కోసం కట్టినట్టు తోచింది. గుంట మగ్గం కిటికీ వెలుతురు పడే చోట ఉంది. గుంట ఎందుకని అడిగితే, కాళ్ళు పెట్టుకోవడానికే కాదు సార్, నేల చెమ్మకు నూలు తెగదు అన్నాడాయన. నూలు పెట్టుకునే చోటు చేయి చాచినంత దూరంలో. కండెలు చుట్టే ఇల్లాలు మగ్గం పక్కనే. గద్వాల చీరకు ఒళ్ళు నూలుది, అంచు, కొంగు పట్టువి, రెంటినీ కలిపే కుట్టు నేతలో మూడు నాడెలు ఆడతాయి. చేయందించే మనిషి ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ గదిలో ముందే నిర్ణయమై ఉంది. పడుగు సాగదీసి గంజి పట్టించడానికి పొడవు కావాలి గదా, అంత పొడవు ఇంట్లో ఎక్కడిది? తెల్లవారుజామున వీధే వాళ్ళ కార్ఖానా. ఎండ ఎక్కకముందే పని ముగించి పడుగు చుట్టేస్తారు.

ఆ ఇల్లు కట్టినవాడు ఇంజనీరింగు చదవలేదు. కానీ నూలు ఎటు నుంచి వచ్చి చీరగా ఎటు పోతుందో మొదట చూసుకొని, ఆ దారి చుట్టూ గోడలు లేపాడు. నేను గోడలు లేపి, వాటి మధ్య సరుకును దారి వెదుక్కోమన్నాను. ఇదే తేడా.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. అమెరికాలో ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన 1780లలోనే పిండిమిల్లును ఈ పద్ధతిలో కట్టాడు. 1790లో పేటెంటు పొందాడు. ధాన్యాన్ని చిన్న చిన్న బొక్కెనలున్న పట్టాతో ఒక్కసారి పై అంతస్తుకు ఎక్కించాడు. అక్కణ్ణుంచి దాని బరువుకు అదే జారుతూ, జల్లెడ, తిరగలి దాటుకుంటూ పిండిగా కిందికి దిగింది. మధ్యలో మనిషి భుజం పట్టలేదు. మన బియ్యం మిల్లుల్లో కనిపించే ఎలివేటరు ఆయన వేసిన దారే. ఒకసారి ఎక్కించు, పలుసార్లు దించు. ఎత్తడానికి కరెంటు ఖర్చు, దిగడానికి ఖర్చు లేదు.

ఫోర్డు సంగతి మీరు వినే ఉంటారు. 1913లో హైలాండ్ పార్కు కార్ఖానాలో కారు చట్రాన్ని మనుషుల దగ్గరికి నడిపించే పద్ధతి పెట్టారు. 12 గంటలకు పైగా పట్టిన కూర్పు మరుసటి ఏటికి ఒకటిన్నర గంటకు వచ్చింది. మనుషులు అంతకుముందుకన్నా వేగంగా పరుగెత్తారని కాదు, నడక తగ్గింది. ఆ కార్ఖానా అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన భవనం. తర్వాత రూజ్ నది ఒడ్డున కట్టినవి ఎక్కువగా ఒకే అంతస్తు షెడ్లు. పని మారితే కట్టడం మారాలని అంత పెద్దవాళ్ళు కూడా కట్టిన తర్వాతే నేర్చుకున్నారు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. పెద్ద లెక్కలు అక్కరలేదు, మనవడి నోటుబుక్కులో ఒక కాగితం చాలు.

మొదట సరుకు దారి గీయండి. కాయ గేటు లోపలికి వచ్చింది మొదలు నూనె డబ్బా గేటు దాటే దాకా. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన 1921లో ఇలాంటి పటాన్ని ఇంజనీర్ల సభలో చూపించాడు. ఆ తర్వాత దానికి అయిదు గుర్తులు స్థిరపడ్డాయి. పని జరిగే చోట సున్నా, కదిలే చోట బాణం, పరీక్షించే చోట చదరం, ఊరికే ఆగే చోట ఇంగ్లీషు డి అక్షరం, నిలవ ఉంచే చోట త్రికోణం. మన మిల్లుకు గీసి చూడండి. డబ్బు తెచ్చేవి సున్నాలే. బాణాలు, ఆగుళ్ళు డబ్బు తినేవి. మా మామ మిల్లుకు తర్వాత గీసి చూస్తే ఆరు సున్నాలకు పద్దెనిమిది బాణాలు వచ్చాయి.

రెండవది, బరువు లెక్క. 100 కిలోల కాయ వస్తే సుమారు 70 కిలోలు పప్పు, 30 కిలోలు పొట్టు. ఆ పప్పులో దాదాపు సగం నూనె ఉన్నా, ఎక్స్‌పెల్లరులో ఆడిస్తే చేతికి వచ్చేది 28 నుంచి 30 కిలోలు. మిగిలినదంతా చెక్క. అంటే లోపలికి ఒక ద్వారం చాలు, బయటికి మూడు దారులు కావాలి. నూనెకు ఒకటి, చెక్కకు ఒకటి, పొట్టుకు ఒకటి. పొట్టు తూకంలో తక్కువే గాని కుప్పలో కొండంత. నేను గీయని పొట్టు కుప్పే నా ప్లానులో అన్నిటికన్నా ఎక్కువ జాగా ఆక్రమించింది.

మూడవది, ఏ మిషను నెమ్మదిగా నడుస్తుందో చూడండి. మిల్లు మొత్తం దాని వేగంతోనే నడుస్తుంది. కాయ ఒలిచే మిషను గంటలో ఒలిచిన పప్పును ఎక్స్‌పెల్లరు రెండు మూడు గంటలు తింటుంది. ఆ రెంటి మధ్య పప్పు నిలిచే తొట్టి కావాలి. అది లేకపోతే పప్పు నేలమీద కుప్ప పడుతుంది, మళ్ళీ ఎత్తుడు మొదలు.

నాలుగవది, నిప్పు, నీరు, మనిషి. నా రెండు దెబ్బల సంగతి ఇక్కడ చెప్పాలి.

గోదాము పల్లంలో కట్టానన్నాను గదా. ఒక ఏడు వానాకాలపు పంట కాయ వచ్చాక కార్తీకంలో ముసురు పట్టింది. నేల చెమ్మ బస్తాల్లోకి ఎక్కింది. పైన చూస్తే కాయ బాగానే ఉంది, ఒలిస్తే పప్పు మీద ఆకుపచ్చ బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు. నూనె వడకడితే చాలావరకు అది చెక్కలోనే ఉండిపోతుంది, ఆ చెక్క మన గేదెలు తింటాయి. మేము ఆ సరుకు పారబోశాం. కాయలో తేమ 8 శాతం దాకా దిగాకే గోదాములో పెట్టాలి. గోదాము మెరక మీద ఉండాలి, బస్తాల కింద చెక్క బల్లలు, గోడకూ బస్తాకూ మధ్య మనిషి నడిచే సందు ఉండాలి. ఇదంతా ప్లానులో గీయవలసిన సంగతి. గోదాము గుమాస్తాను తిట్టి లాభం లేదు.

రెండవ దెబ్బ నిప్పు. పప్పును ఆవిరితో వెచ్చచేసే పొయ్యి గొట్టం ఒక వైపు, పోయడానికి చోటు లేక పోసిన పొట్టు కుప్ప ఇంకో వైపు. గాలి అటు నుంచి ఇటు వీచినన్నాళ్ళు ఏమీ కాలేదు. ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. మిణుగురు పడి కుప్ప అంటుకుంది. ప్రాణాలు పోలేదు, దేవుడి దయ. కానీ ఒక హమాలీకి రెండు చేతులు మోచేతుల దాకా కాలాయి. ఆయన ఆ తర్వాత బరువు మోయలేదు. మా మామ ఆయనకు చేతనైనంత ఇచ్చారు. కానీ అది నా పెన్సిలు చేసిన గాయం. నెల నెలా గాలి ఎటు నుంచి వస్తుందో ఊళ్ళో తూర్పారబట్టే ఏ రైతును అడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు.

చిన్న మిల్లులోనే ఇలా ఉంటే, చెక్కలో మిగిలిన నూనెను హెక్సేనుతో తీసే సాల్వెంటు ప్లాంటు సంగతి చెప్పనక్కరలేదు. హెక్సేను ఆవిరి గాలికన్నా సుమారు మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేలను పాకి గుంటల్లో, కాలవల్లో నిలుస్తుంది. అందుకే అక్కడ గుంటలు ఉండకూడదు, గోడలు తెరిచి ఉండాలి, బాయిలరు దూరంగా ఉండాలి. నేతగానికి గుంట మేలు చేసింది, సాల్వెంటు ప్లాంటుకు అదే గుంట ప్రాణాంతకం. అందుకే చెబుతున్నాను, మంచి కట్టడం అంటూ విడిగా ఏదీ లేదు. ఫలానా పనికి మంచి కట్టడమే ఉంది.

మన ప్రాంతం నుంచే ఇంకో ఉదాహరణ. జిన్నింగు మిల్లు, పత్తి విత్తనాల ప్లాంటు, రెండిటిలోనూ దూదినీ గింజనూ వేరుచేసే జిన్ను మిషనే ఉంటుంది. కానీ జిన్నింగు మిల్లుకు సరుకు దూది. 100 కిలోల పత్తిలో మూడోవంతు దూది వస్తుంది, దాన్ని 170 కిలోల బేళ్ళు కట్టి అమ్ముతారు. అందుకే 2000లో కేంద్రం పత్తి సాంకేతిక మిషన్ మొదలుపెట్టినప్పుడు మిల్లుల్లో నేలను చదును చేయించడం, తలమీద మోసే పత్తిని యంత్రాలతో కదిలించడం మీద దృష్టి పెట్టారు. దూదిలో వెంట్రుక, గోనె పీచు కలవకూడదని, రాయీ ఇనుమూ జిన్నులో పడి నిప్పు రేగకూడదని. గద్వాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే ఊళ్ళు ఎన్నో మీకు తెలుసు. విత్తనాల ప్లాంటుకు గింజే సరుకు. ఒక రైతు లాటు ఇంకో రైతు లాటుతో కలిస్తే రెండూ పాడైనట్టే. అందుకని అక్కడ లాటు లాటుకూ వేరే చోటు, మధ్యలో మిషను శుభ్రం చేసే తీరిక, గింజ చిట్లని వేగం, నూగు తీసే ఆమ్లానికి తట్టుకునే కాలవ, మొలక పరీక్షకు గది కావాలి. మిషను ఒకటే. దారి మారింది కాబట్టి ఇల్లు మారాలి.

కృష్ణ ఒడ్డున బీచుపల్లి దగ్గర హైదరాబాదు–కర్నూలు రోడ్డు మీద ఆయిల్‌ఫెడ్ వారి పల్లి నూనె మిల్లు మీరంతా చూసినదే. విజయవర్ధని నూనె పేరు మన ఇళ్ళలో ఆడవాళ్ళకు బాగా గుర్తు. తర్వాత ఆ మిల్లు మూతపడింది. ఇటీవలి సంవత్సరాల్లో మన జిల్లాల్లో ఆయిల్ పామ్ తోటలు వేశాక, అక్కడ పామాయిల్ మిల్లు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. రెండూ నూనె మిల్లులే గదా, పాత షెడ్డులో కొత్త మిషన్లు పెడితే సరిపోదా అని ఒక మిత్రుడు అడిగాడు. సరిపోదు. పల్లికాయ ఎండినది, నెలలు నిలవ ఉంటుంది. కాబట్టి ఆ మిల్లుకు గోదాము గుండెకాయ. పామాయిల్ గెల పచ్చిది, కోసిన 24 గంటల్లో ఆవిరి పట్టకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. కాబట్టి దానికి గోదాముతో పనిలేదు. తోట నుంచి బండి ఆగకుండా తూకానికి వచ్చి, అక్కణ్ణుంచి ఆవిరి గదికి పోయే దారి దానికి గుండెకాయ. దానికి నీళ్ళు ఎక్కువ, వదిలే మురుగు నీళ్ళూ ఎక్కువ. నది పక్కన ఉన్నప్పుడు ఆ మురుగుకు చోటు మొదటే గీయాలి, చివర కాదు.

బియ్యం మిల్లు కూడా అంతే. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక మన దగ్గర వరి పెరిగింది, మిల్లులు పెరిగాయి. పచ్చి బియ్యానికి కట్టిన మిల్లును ఉప్పుడు బియ్యానికి మార్చాలంటే నానబెట్టే తొట్లు, ఆవిరి, ఆరబెట్టే యంత్రం, బాయిలరు వస్తాయి. పొట్టు అంతకుముందు చెత్త, ఇప్పుడు అదే బాయిలరుకు కట్టె. కాబట్టి దాని కుప్ప ఎక్కడో మూలన ఉంటే కుదరదు. తవుడు నిలవ ఉంటే నూనె చెడుతుంది, కాబట్టి లారీ వెంటనే తీసుకుపోయే చోట పోయాలి.

మామ మిల్లు మూతపడిన తర్వాత, 1991లో ఇంకొక యువకుడు ప్లాను కోసం వచ్చాడు. ఈసారి నేను పెన్సిలు పట్టలేదు. అతని జాగాకు వెళ్ళి, ముగ్గు పిండితో నేల మీద గీతలు వేశాం. ఇది ఒలిచే మిషను, ఇది జల్లెడ, ఇది ఎక్స్‌పెల్లరు అని ఇటుకలు పెట్టాం. ఒక పెద్ద హమాలీని పిలిచి, నిండు బస్తాతో ఆ దారిలో నడవమన్నాను. ఆయన నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. "సారూ, బస్తా నెత్తి మీద ఉన్నోడు మూల తిరగలేడు. ఈడ గోడ పెడితే నా భుజం రోజూ తగుల్తది" అన్నాడు. గోడ గీత చెరిపేశాం. ఆ రోజు ఆయన చెరిపించిన గీతలు ఏడు. సాయంత్రానికి మిగిలిన దారి చుట్టూ గోడలు గీశాను. తూర్పు గోడ మాత్రం కట్టవద్దన్నాను, రేపు రెండో ఎక్స్‌పెల్లరు వస్తే అటు పెరగాలి. ఆ మిల్లు చేతులు మారినా ఇప్పటికీ నడుస్తోంది. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఆ హమాలీ పేరు ప్లాను కింద రాయవలసింది.

ఇక చివరగా నాలుగు మాటలు విన్నపంగా చెబుతాను.

మీ పిల్లలు మిల్లు పెడతామంటే వద్దనకండి. కానీ షెడ్డు ఎంత పొడవు అని అడగకండి. సరుకు దారి ఎంత పొడవు అని అడగండి. ఆ దారి కాగితం మీద గీసి చూపించేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి. వాస్తు చూపించుకోవద్దని నేను అనను, మన నమ్మకాలు మనవి. అయితే దారి గీసిన తర్వాత చూపించండి, దారి గీయకముందు కాదు. అలాంటి మిల్లు నడుస్తున్న చోటికి పోయి, యజమానితో ఒక గంట, హమాలీలతో రెండు గంటలు మాట్లాడమనండి. మనిషికి గాలి, జాగా మరిచిపోవద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్ళు కొత్త కార్ఖానాలో ఒక్కొక్క కార్మికుడికి సుమారు 500 ఘనపుటడుగుల చోటు ఉండాలని ఊరికే రాయలేదు. సబ్సిడీ ఒకసారే వస్తుంది, తప్పు గోడ ఖర్చు రోజూ వస్తుంది.

మా మామ సంగతి చెప్పి ముగిస్తాను. మిల్లు మూసిన తర్వాత అప్పుకింద రెండెకరాలు అమ్మారు. ఆ తర్వాత పెన్షనుతోనే బతికారు. అందుకే పెన్షన్ హక్కు అన్న తీర్పు విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. అది లేకపోతే నా ప్లాను ఆయనను వీధిలో నిలబెట్టేది. ఒక సాయంత్రం, ఖాళీ షెడ్డు ముందు మంచం వేసుకొని కూర్చుని ఉన్నారు. నేను తలవంచుకొని నిలబడ్డాను. తిడతారేమో అనుకున్నాను. ఆయన నెమ్మదిగా, "అల్లుడా, బస్తాకు కాళ్ళు లేవని మరిచిపోయినం గదా మనం" అన్నారు.

"నువ్వు మరిచిపోయినవు" అనలేదు, "మనం" అన్నారు. ఆ ఒక్క మాట బరువు నేను ఇప్పటికీ మోస్తున్నాను. మీ ఇళ్ళలో ఎవరికీ ఆ బరువు రాకూడదనే ఈ వయసులో మీ ముందుకు వచ్చి ఇదంతా చెప్పాను.